అజంతా గోడకు మొదలెక్కడ?

దశరథుడి బాణం తగిలి శ్రవణకుమారుడు చనిపోతాడు. చూపులేని తల్లిదండ్రులు శాపం పెట్టి తామూ ప్రాణాలు విడుస్తారు. ఈ కథ వినని తెలుగువారు అరుదు. అజంతా 10వ గుహ గోడమీద దీనికి తోబుట్టువులాంటి కథ ఒకటి ఉంది. అక్కడ కుర్రవాడి పేరు శ్యాముడు. నీళ్లు ముంచుకోవడానికి ఏటికి వస్తాడు, వేటకు వచ్చిన రాజు విషం పూసిన బాణంతో కొడతాడు. శ్యాముడు రాజును పల్లెత్తు మాట అనడు. ఇకమీదట అమ్మానాన్నలకు దిక్కెవరన్నదే అతని బెంగ. రాజు వెళ్లి ఆ ముసలివాళ్ల ముందు తప్పు ఒప్పుకుంటాడు. శాపం లేదు. కొడుకు మంచితనం మీద ఒట్టు పెట్టి వాళ్లు పలికిన సత్యవాక్యానికి విషం దిగిపోతుంది, శ్యాముడు లేచి కూర్చుంటాడు, వాళ్లకు చూపు కూడా వస్తుంది.

ఒకచోట శాపమై రామాయణాన్ని నడిపించిన ఘట్టం, ఇంకోచోట క్షమగా మారి బుద్ధుడి పూర్వజన్మల్లో చేరింది. ఏది ముందు, ఏది వెనుక అన్న తగవు నాకిక్కడ అక్కర్లేదు. నన్ను పట్టుకున్నది వేరే ప్రశ్న. కథ ఇంత తెలిసినదే అయినా, ఆ గోడ ముందు నిలబడితే ఏమీ అర్థం కాదెందుకు? అజంతా చూసి వచ్చినవాళ్లలో చాలామంది 'అద్భుతం' అంటారు. ఏ కథ చూశారని అడిగితే మాత్రం నీళ్లు నములుతారు. తప్పు వాళ్లది కాదు. ఆ గోడల్ని చదివే పద్ధతి మనం పుస్తకం చదివే పద్ధతి కాదు.

ముందు మాట సంగతి తేల్చుకుందాం. జాతకం అనగానే మనకు పంచాంగం, గ్రహాలు, పెళ్లి పొంతనలు గుర్తొస్తాయి. రెండు అర్థాలకూ మూలం పుట్టుకే. బౌద్ధంలో జాతకమంటే పుట్టుక కథ, అంటే గౌతముడు బుద్ధుడు కావడానికి ముందు బోధిసత్త్వుడిగా ఎత్తిన జన్మల్లో ఒకదాని ముచ్చట. పాళి సంకలనంలో ఇవి 547. ప్రతి కథకూ ఒక చట్రం ఉంటుంది. ఆశ్రమంలో ఏదో జరుగుతుంది, దాన్ని పట్టుకుని బుద్ధుడు పాత కథ ఎత్తుకుంటాడు, చివర 'అప్పటి రాజు ఈ ఆనందుడే, అప్పటి కోతుల రాజును నేనే' అని ఎవరెవరో లెక్క తేలుస్తాడు. మన పురాణాల్లో సూతుడు శౌనకాదులకు చెప్పినట్టే, ఇక్కడా కథలో కథ.

వీటిని నీతికథలు అనడం మనకు అలవాటు. చిన్నప్పటి బొమ్మల పుస్తకాల పుణ్యం అది. నా అనుమానం, సగం చిక్కు ఆ మాటతోనే వస్తోందని. పంచతంత్రంలో నీతి అంటే బతకనేర్చిన తెలివి. కొంగలు కర్ర పట్టుకుని మోసుకుపోతుంటే తాబేలు నోరు మూసుకుని ఉండాల్సింది. మొసలి వీపెక్కిన కోతి, గుండెను చెట్టుమీద మరచి వచ్చానని చెప్పి గట్టెక్కింది. నీతి తెలిసినవాడు నష్టపోడు. ఈ రెండు కథలూ జాతకాల్లోనూ ఉన్నాయి. అయితే అజంతాలో పెద్ద పెద్ద గోడలు దక్కిన కథలు ఎక్కువగా ఇంకో జాతివి. వాటిలో మంచివాడు నష్టపోతాడు, తెలిసి నష్టపోతాడు. పావురాన్ని కాపాడటానికి తన మాంసం కోసి తూకం వేయించుకున్న శిబి 1వ గుహలో ఉన్నాడు. అదే శిబి 17వ గుహలో కళ్లు పెరికి ఇచ్చేస్తాడు. అడవిలో ఆకలితో అలమటిస్తున్న బాటసారులకు ఆహారం కావడానికి కొండమీది నుంచి దూకిన ఏనుగు 16లోనూ ఉంది, 17లోనూ ఉంది. ఇది 'ఇలా చేయండి, బాగుపడతారు' అనే పాఠం కాదు. పారమిత అనే మాటకు దగ్గరి అర్థం చెప్పాలంటే, ఒక గుణాన్ని దాని అంచు దాకా నడిపించి చూడటం. అంచు దగ్గర నిలబడితే కళ్లు తిరుగుతాయి, ఆ చిత్రాల ముందు తిరగాల్సిందే.

అన్నిటిలోకీ ఇబ్బంది పెట్టేది విశ్వంతరుడి కథ. పాళిలో వెస్సంతర జాతకమంటారు, 547వది, చివరిది. అడిగినవాడికి లేదనని రాజకుమారుడు. వానలు కురిపించే తెల్ల ఏనుగును పొరుగు దేశం బ్రాహ్మణులకు ఇచ్చేస్తాడు. జనం ఊరుకోరు, తండ్రి సంజయుడు దేశం వెళ్లగొడతాడు. దారిలో గుర్రాలూ రథమూ దానమైపోతాయి. అడవిలో పర్ణశాల వేసుకుంటే జూజకుడనే ముసలి బ్రాహ్మణుడు వచ్చి, ఇంట్లో పనికి ఇద్దరు పిల్లలు కావాలంటాడు. తల్లి మాద్రి పళ్లకు వెళ్లిన సమయం. విశ్వంతరుడు కొడుకునూ కూతురినీ ఇచ్చేస్తాడు. మర్నాడు మారువేషంలో ఇంద్రుడు వచ్చి అడిగితే మాద్రిని కూడా. చివరికి అందరూ కలుస్తారు, రాజ్యం దక్కుతుంది. కానీ పిల్లల్ని తీగతో కట్టి కొట్టుకుంటూ తీసుకుపోయే ఘట్టం చదివాక ఆ మంచి ముగింపు గొంతు దిగదు.

ఈ ఇబ్బంది మన కాలపు సున్నితత్వం కాదు. గ్రీకు రాజు మిళిందుడికీ భిక్షువు నాగసేనుడికీ జరిగిన సంవాదంగా చెప్పే మిళిందపన్హంలో రాజు సూటిగా అడుగుతాడు: ఇతరులను ఏడిపించి ఇచ్చేది దానమెలా అవుతుంది? నాగసేనుడు చాలా ఉపమానాలతో జవాబిస్తాడు. అన్ని ఉపమానాలు కావలసి వచ్చాయంటేనే ప్రశ్న ఎంత గట్టిదో తెలుస్తుంది.

17వ గుహలో ఈ కథకు ఎడమ గోడ నిండా చోటిచ్చారు. వరండాలో ఇంకో దృశ్యం ఉంది. దేశం వదలాలన్న కబురు మాద్రికి చెబుతున్న విశ్వంతరుడు, కుంగిపోయిన ఆమె, ఆ పక్కనే గొడుగు కింద నగర ద్వారం వైపు నడిచి వెళుతున్న ఇద్దరూ. లోపలి గోడమీద జూజకుడిని చూడండి. మేకగడ్డం, ముందుకు పొడుచుకొచ్చిన పళ్లు, బక్క ఒళ్లు. పిల్లల్ని విడిపించుకోవడానికి తాత ఇచ్చే డబ్బు కోసం రాజు ముందు నిలబడ్డాడు. అజంతాలో అందమైన ముఖాలకు లోటు లేదు, వంపు తిరిగిన కనుబొమ్మలూ సగం మూసిన రెప్పలూ కొల్లలు. ఆ ముఖాల మధ్య చిత్రకారుడు ఇంత శ్రద్ధగా ఒక ఆశపోతు ముఖం దించాడంటే ఆ పనిలో వాడికి కొంత సరదా కూడా ఉండి ఉంటుంది. ఆ ఆశపోతుతనం వల్లే దానం ఎంత కష్టమో తెలుస్తుంది. యోగ్యుడికి ఇవ్వడంలో ఏముంది?

ఇక చదవడం సంగతి. మొదటిసారి వెళ్లినప్పుడు ఎడమ నుంచి కుడికి చూసుకుంటూ పోయి తికమకపడ్డాను. చచ్చినవాడు మళ్లీ గుర్రమెక్కి వస్తున్నాడు, శిక్ష ముందు, నేరం తర్వాత. జర్మన్ పండితుడు డీటర్ ష్లింగ్‌లాఫ్ దశాబ్దాల పాటు ఈ గోడల్ని పరిశీలించి తాళం చెవి లాంటి మాట ఒకటి చెప్పారు: అజంతా చిత్రకారుడు సంఘటనలను కాలం ప్రకారం కాదు, చోటు ప్రకారం పేర్చాడు. కళాచరిత్రకారిణి విద్యా దెహేజియా కూడా ఈ దారిలోనే ఆలోచించి బౌద్ధ శిల్ప చిత్రాల కథన పద్ధతులను వర్గీకరించారు.

దీని అర్థం ఏమిటంటే, గోడను ముందు ఒక దేశపటంలా విడగొడతారు. ఇది రాజభవనం, అది అడవి, మధ్యలో నది. కథలో భవనంలో జరిగేవన్నీ, మొదట్లోవైనా చివరివైనా, భవనం దగ్గరే చేరతాయి. అడవిలో జరిగేవన్నీ అడవిలో. అందుకే కథ తెలిసినవాడి కన్ను గోడమీద ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ తిరగాలి. వీధి భాగవతంలో ఒకే అరుగు కాసేపు అయోధ్య, కాసేపు లంక అవుతుంది. అజంతాలో అయోధ్య అయోధ్యగానే ఉంటుంది, మనుషులే మళ్లీ మళ్లీ వస్తారు.

షడ్దంత జాతకం దీనికి మంచి ఉదాహరణ. ఆరు దంతాల తెల్ల ఏనుగుల రాజు, ఇద్దరు భార్యలు. పూలకొమ్మ విదిలిస్తే పూలు పెద్దభార్య మీద, పుల్లలూ చీమలూ చిన్నభార్య మీద పడతాయి. అదీ అసూయకు మూలం. చిన్నభార్య పగబట్టి చచ్చి, కాశీ రాణిగా పుట్టి, జబ్బు నెపంతో మంచం పట్టి, ఆ దంతాలు తెస్తేగానీ బతకనంటుంది. వేటగాడు కాషాయం కప్పుకుని గోతిలో పొంచి బాణం వేస్తాడు. చంపబోయిన ఏనుగు కాషాయం చూసి ఆగిపోతుంది. దంతాలు కోయడం వాడివల్ల కాకపోతే రంపం తానే అందుకుని కోసి ఇస్తుంది. దంతాలు చూసిన రాణికి పాత జన్మ ప్రేమ గుర్తొచ్చి గుండె పగిలిపోతుంది.

10వ గుహలో, క్రీస్తుకు ముందు కాలపు గోడమీద, ఈ కథ ఉంది. రంగు సగం రాలింది. కానీ అడవి అడవిగా తెలుస్తోంది. మర్రి ఊడలు, మంద, తొండాలు, ఒకదాని వెనుక ఒకటి కదిలే వీపులు. ఆ ఏనుగుల్ని గీసినవాడు పుస్తకం చూసి గీయలేదు, మందను రోజూ చూసినవాడు. రాణి కోరిక, రాణి మూర్ఛ, రెండూ అంతఃపురపు ఘట్టాలే. కథలో మొదటిదానికీ చివరిదానికీ నడుమ ఒక వేట, ఒక చావు ఉన్నాయి. చోటు లెక్కన చూస్తే రెండూ ఒకే గూటివి. కోరుకున్న చోటే కూలిపోయింది. పుస్తకంలో పేజీలు దాటితేగానీ తెలియని సంగతిని గోడ ఒక్క చూపులో చెప్పేస్తుంది. చోటు ప్రకారం పేర్చడం చేతగానితనం కాదనడానికి నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

17వ గుహలోని మహాకపి చిత్రం చిన్నది, అందుకే మొదటిసారి వెళ్లేవాళ్లు దానితో మొదలుపెడితే తేలిక. నది పారుతోంది, అందులో చేపలు. గుర్రం మీద రాజు, పరివారం. విలుకాళ్లు చెట్టుమీది కోతులకు గురిపెట్టారు. కోతుల రాజు తన ఒంటినే వంతెన చేసి మందను దాటిస్తున్నాడు. కింద మనుషులు దుప్పటి పట్టుకుని నిలబడ్డారు, నడుము విరిగిన ఆ కోతిని అందుకోవడానికి. ఇంకోపక్క అదే కోతి కూర్చుని అదే రాజుకు ధర్మం చెబుతోంది. ఒకే రాజు రెండుచోట్ల, ఒకే కోతి రెండుచోట్ల. ఆ కిటుకు ఒకసారి దొరికితే తక్కిన గోడలు కాస్త లొంగుతాయి.

అన్నిచోట్లా ఇదే పద్ధతి అనుకోకండి. చైనాలోని కిజిల్ గుహల్లో కప్పు మీద వజ్రాకారపు గడుల్లో గడికొక కథ, కథకొక దృశ్యం. దున్‌హువాంగ్ 257వ గుహలో తొమ్మిది రంగుల లేడి కథ పొడవాటి పట్టీలా ఉంటుంది, రెండు కొసల నుంచీ మొదలై మధ్యలో లేడీ రాజూ ఎదురుపడే చోట కలుస్తుంది. మన పల్నాడులోని గోలి దగ్గర దొరికిన ఇక్ష్వాకుల కాలపు పలకమీద విశ్వంతరుడి కథ ఘట్టం పక్కన ఘట్టంగా నడుస్తుంది. అమరావతి శిల్పి షడ్దంత కథను ఒక్క గుండ్రటి పతకంలో ఇరికించాడు. గోలి పలకనూ ఆ పతకాన్నీ చూడాలంటే మాత్రం చెన్నై మ్యూజియానికి పోవాలి.

చదవడం రాకపోతే ఏమవుతుందో అజంతా చరిత్రలోనే ఉంది. 17వ గుహ కుడి గోడమీద ఓడలు, ఏనుగులు, యుద్ధం కనిపిస్తాయి. 19వ శతాబ్దపు పండితులు దాన్ని విజయుడు సింహళంలో దిగిన చారిత్రక ఘట్టమనుకున్నారు. అది సింహళుడనే వర్తకుడి కథ. ఓడ మునిగి రాక్షస స్త్రీల దీవిలో చిక్కుకోవడం, ఎగిరే గుర్రం కాపాడటం, వెంటపడి వచ్చిన రాక్షసి రాజునే మింగడం, తర్వాత సింహళుడే రాజై దండెత్తడం. 16వ గుహలో 'మరణిస్తున్న రాకుమారి' అని పేరుపడిన ప్రసిద్ధ చిత్రంలో ఎవరూ చావడం లేదు. ఆమె బుద్ధుడి సోదరుడు నందుడి భార్య సుందరి. భర్త సన్యసించాడన్న వార్త విని సొమ్మసిల్లింది. పరిచారకుడు పట్టుకొచ్చిన కిరీటం అక్కడే ఉంది. ఆ కిరీటం ఎవరిదని అడిగి ఉంటే పేరు తప్పేది కాదు.

తికమకకు ఇంకో కారణం, పాళి పుస్తకం ఒక్కటే దగ్గర పెట్టుకుని గోడను చదవబోవడం. అజంతా భిక్షువుల చేతిలో సంస్కృత గ్రంథాలు ఉన్నాయి. కొండమీది నుంచి దూకిన ఆ ఏనుగు కథ పాళి జాతకాల్లో కనబడదు, ఆర్యశూరుడి జాతకమాలలో ఉంది. 2వ గుహలో ఓర్పును బోధించిన తపస్వి క్షాంతివాది చిత్రం దగ్గర రంగుతో రాసిన శ్లోకాలు జాతకమాలవేనని 20వ శతాబ్దం మొదట్లో హైన్రిచ్ ల్యూడర్స్ గుర్తించారు. గోడే తన పుస్తకం పేరు చెప్పిన అరుదైన సందర్భం అది.

మరి ఇంత చిక్కు గోడ ఎవరి కోసం? పామరులకు పాఠం చెప్పడానికి అని తేలిగ్గా అనేస్తారు. నాకు నమ్మకం కుదరదు. కథ ముందే తెలియనివాడికి ఈ గోడ ఏమీ చెప్పదు. కథ చెప్పడం భిక్షువు నోటి పని, గోడ తెలిసిన కథలోకి మళ్లీ తీసుకెళుతుంది. పైగా చిత్రాలు వేయించడమే పుణ్యం. 16వ గుహ వాకాటక రాజు హరిషేణుడి మంత్రి వరాహదేవుడి దానం. 17వది ఆ హరిషేణుడి సామంతుడైన స్థానిక రాజు తొలిపించింది. తమ్ముడు రవిసాంబుడు చనిపోయిన దుఃఖాన్ని అక్కడి శాసనం ప్రస్తావిస్తుంది. ఒక అన్న గుండె బరువు వెనుక ఉన్న గుహలో పిల్లల్ని దూరం చేసుకున్న తండ్రి, కళ్లిచ్చిన రాజు, నడుము విరిగిన కోతి నిండి ఉన్నారు. శాసనం ఇంతకంటే చెప్పదు, నేనూ ముడిపెట్టను.

గోడలు ఎలా నిలిచాయన్నదీ, ఎలా పోయాయన్నదీ ఇంకో కథ. ఇవి తడి గచ్చుమీద వేసిన ఫ్రెస్కోలు కావు. రాతి మీద మట్టి, ఊక, పీచు కలిపిన మందపు పూత, దానిపై సన్నని పూత, సున్నం, ఆ ఆరిన నేలమీద జిగురు కలిపిన రంగులు. ఎరుపు, పసుపు మట్టి రంగులు దగ్గర్లో దొరికేవే. నీలానికి వాడిన లాపిస్ లాజులి రాయి మాత్రం ఇప్పటి అఫ్గానిస్తాన్‌లోని బదక్షాన్ నుంచి రావాలి. 1819 ఏప్రిల్ 28న పులి వేటకు వచ్చిన జాన్ స్మిత్ అనే సైనికాధికారి 10వ గుహ స్తంభంమీద, బోధిసత్త్వుడి బొమ్మమీదే, తన పేరు గీకి పోయాడు. అది ఇప్పుడు మన తల కంటే ఎత్తులో ఉంది. అతను నిలబడింది నేలమీద కాదు, శతాబ్దాల చెత్తకుప్ప మీద. తర్వాత రాబర్ట్ గిల్ ఏళ్ల తరబడి వేసిన నకళ్లు 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ మంటల్లో చాలావరకు పోయాయి. జాన్ గ్రిఫిత్స్ బొంబాయి చిత్రకళా పాఠశాల విద్యార్థులతో వేయించిన వాటిలో చాలా 1885లో ఇంకో అగ్నిప్రమాదంలో కాలాయి.

అజంతా అప్పట్లో నిజాం రాజ్యంలోది, 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోది. 1914లో ఏర్పడిన నిజాం పురావస్తు శాఖకు గులాం యజ్దానీ అధిపతి. 1920లో ఇటలీ నుంచి లొరెంజో చెక్కోని, ఆర్సిని అనే నిపుణులను రప్పించి రాలిపోతున్న పూతలను అతికించారు. అంతవరకు మేలే. పైన పూసిన లక్క వార్నిష్ కాలక్రమాన పసుపెక్కి బొమ్మల్ని మసకబార్చింది. దాన్ని తొలగించడం తర్వాతి తరం రసాయన నిపుణులకు పెద్ద పనైంది. యజ్దానీ 1930 నుంచి 1955 వరకు నాలుగు భాగాలుగా అచ్చు వేయించిన వివరణలు ఇప్పటికీ గోడ పక్కన పెట్టుకుని చదవదగ్గవి.

ఆ శాఖ చిత్రకారుడు సయ్యద్ అహ్మద్ వేసిన నకళ్లు హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో ఉన్నాయి. అజంతాలో నిమిషాలు లెక్కపెట్టి బయటికి పంపుతారు, గుహలో చీకటి, వెనుక నుంచి తోపులాట. ఇక్కడ ఎవరూ తోయరు. బయల్దేరే ముందు ఒక పూట ఇక్కడ గడిపి, విశ్వంతరుడి కథా, కోతి కథా ఒకసారి చదువుకుని వెళ్లండి. 17వ గుహలో ఎడమ గోడ దగ్గరికి వెళ్లాక మొదలెక్కడని వెతకొద్దు. అడవి ఎక్కడుందో, నగర ద్వారం ఎక్కడుందో ముందు చూసుకుని, మేకగడ్డం ముసలాయన కోసం చూడండి.